సందేహమునకు 4, సమాప్తికి 16

పెద్ద బ్యాంకులలోను బీమా సంస్థలలోను నేటికిని రాత్రింబవళ్ళు నడచుచున్న మెయిన్‌ఫ్రేము కంప్యూటర్లకు, తమకు అప్పగించిన ప్రతి పనియు ఏ తీరున ముగిసినదో ఒక అంకె రూపమున చెప్పి మరీ నిష్క్రమించు ఆచారము అరువదేండ్లుగా కలదు. 0 వచ్చినచో పని నిర్విఘ్నముగా పూర్తియైనదని భావము. 4 వచ్చినచో పూర్తియైనది గాని కన్నువేసి చూడదగినది ఏదియో తటస్థించినదని. 8 అనగా దోషము. 12 అనగా తీవ్రదోషము. 16 వచ్చినచో ఇక ముందుకు సాగుట పొసగదని. దీనిని రిటర్న్ కోడ్ అందురు. హైదరాబాదులో వేలకొలది యువకులు అమీర్‌పేట గదులలో వల్లెవేసి, దేశదేశములకు పోయి, జీవిక సంపాదించుకొన్న విద్యలో ఇది తొలి పాఠములలో ఒకటి. కంప్యూటరు వృత్తివారి సొంత వ్యవహారముగా కనబడు ఈ అంకెలను సామాన్య పాఠకులు చదువు పత్రికలో ప్రస్తావించుటకు కారణము, చార్మినారునకు దక్షిణమున ఛత్రినాకలోను, ఉప్పుగూడలోను, జంగంమెట్‌లోను రేషన్ దుకాణము ముందు నిలుచున్న మనుష్యునితో ప్రభుత్వ యంత్రము మాటలాడు తీరులో ఇట్టి తారతమ్య విచక్షణ మచ్చునకైనను లేకపోవుటయే.

ఈ అంకెలు ఒకటి, రెండు, మూడుగా కాక నాలుగేసి చొప్పున ఎగబ్రాకుటకు ముచ్చటైన కారణము కలదు. ఐబీఎం సంస్థ 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్/360 యంత్రములో, ఒక చిన్న ప్రోగ్రాము తన పని ముగించుకొని, తన్ను పిలిచిన పెద్ద ప్రోగ్రామునకు ఫలితమును 15వ రిజిస్టరులో ఉంచి అప్పగించును. పిలిచిన ప్రోగ్రాము ఆ ఫలితమునుబట్టి ఏ దారి పట్టవలయునో తేల్చుకొనుటకు, వరుసగా వ్రాసి పెట్టుకొన్న బ్రాంచి ఆదేశములలో తగినదానికి దుముకును. ఆ యంత్రభాషలో అట్టి ఆదేశము ఒక్కొక్కటి 4 బైట్ల పొడవు గలది కావున, ఫలితము కూడ నాలుగేసి పెరిగినచో, ఏ గుణకారమును అక్కరలేకయే దానిని నేరుగ చిరునామాకు కూడి సరియైన దారి చేరవచ్చును. మెమొరీ మిక్కిలి ప్రియమైయున్న ఆ దినములలో ఒక్క ఆదేశము మిగిలినను లాభమే. అయినను నాకిందు గొప్పగా తోచునది ఆ పొదుపు కాదు. పని చెడుటయందును తారతమ్యములు కలవనియు, వానిని ఆ క్షణముననే చెప్పవలసిన బాధ్యత పని చేసినదానిదే యనియు ఆ నిర్మాతలు ఆనాడే అంగీకరించుట.

అంకెతోనే సరిపుచ్చలేదు. ఆ యంత్రము వెలువరించు ప్రతి సందేశమునకును ఒక గుర్తుండును. మొదటి మూడక్షరములు ఆ మాట పలికిన విభాగమును తెలుపును. నడుమనున్నది సందేశము సంఖ్య. కడపటి అక్షరము దాని స్వభావము. ఒక జాబ్‌లోని, అనగా అప్పగించిన పనిలోని, ఒక స్టెప్పు ముగియగనే, 'ఐఈఎఫ్ 142 ఐ' అను గుర్తుతో, ఆ స్టెప్పు నడచినదనియు దాని కండిషన్ కోడ్, అనగా రిటర్న్ కోడే, 0004 అనియు లాగ్‌లో ఒక పంక్తి పడును. చివర 'ఐ' యున్నచో అది సమాచారము మాత్రమే, ఎవరును ఏమియు చేయనక్కరలేదు. 'ఏ' యున్నచో ఆపరేటరు వెంటనే పూనుకొనవలయును. 'ఈ' యున్నచో తీరిక చూచుకొని చేయవలయును. 'డీ' యున్నచో యంత్రము తనంతట తాను తేల్చుకొనజాలక మనుష్యుని నిర్ణయమును అర్థించుచున్నది. ఈ కడపటి రకమును దగ్గరనుండి చూడవలయును. కన్సోల్ తెరమీద ఒక వరుస సంఖ్యతో ప్రశ్న వచ్చి నిలుచును. తక్కిన పంక్తులు పైకి జరిగి మాయమగుచున్నను అది మాయము కాదు. ఆపరేటరు 'ఆర్' అని కొట్టి, ఆ సంఖ్య వేసి, తన సమాధానము పంపునంతవరకు ఆ జాబ్ కదలదు. ఏమియు చెరపదు, ఏమియు ముగించదు. ఎవరికి ఏ ప్రశ్న ఏ నిమిషమున పోయినదో, ఏమని సమాధానము వచ్చినదో లాగ్‌లో నిలిచిపోవును. ఇదిగాక, ఒక్కొక్క సందేశమునకు అర్థమేమి, అది వచ్చినపుడు యంత్రము ఏమి చేయును, ఆపరేటరు ఏమి చేయవలయును, ప్రోగ్రామరు ఏమి చేయవలయును అను సంగతులను విడివిడిగ వివరించు సంపుటములు కలవు. వేల పుటల ఆ గ్రంథరాశిని చూచినవారికి, తప్పు జరిగినపుడు ఎదుటివానిని చీకటిలో నిలుపరాదను పట్టుదల అందు ఎంత యున్నదో బోధపడును.

ఈ విద్యతో మన నగరమునకు సంబంధము నిన్న మొన్నటిది కాదు. 1967లో ఏ.ఎస్. రావుగారి నాయకత్వమున ఇచట వెలసిన ఈసీఐఎల్, టీడీసీ శ్రేణి కంప్యూటర్లను స్వదేశమున తయారుచేసెను. 1978లో ఐబీఎం భారతదేశము విడిచిపోగా, ఆ యంత్రముల బాగోగులు చూచు భారము వహించిన ప్రభుత్వరంగ సంస్థయగు సీఎంసీ తన పరిశోధన కేంద్రమును ఈ జంటనగరములలోనే నెలకొల్పుకొనెను. పిదప, పాత కోబాల్ ప్రోగ్రాములలో సంవత్సరమును రెండంకెలతో వ్రాయుటవలన 2000 సంవత్సరము రాగానే లెక్కలు తారుమారగునను భయము లోకమంతట వ్యాపించినపుడు, మైత్రీవనం చుట్టుప్రక్కల కోబాల్, జేసీఎల్, డీబీ2 నేర్పు సంస్థలు కిక్కిరిసిపోయెను. "మ్యాక్స్ సీసీ ఎంత వచ్చింది?" "ఫోరే, పర్లేదు." "రాత్రి జాబ్ సాక్ సెవెన్‌తో అబెండ్ అయింది." ఇట్టి సంభాషణలు నేటికిని ఈ ఊరి రాత్రి షిఫ్టులలో వినవచ్చును. మ్యాక్స్ సీసీ అనగా స్టెప్పులన్నిటిలో వచ్చిన అత్యధిక కోడ్. అబెండ్ అనగా పని నడుమనే ఆగిపోవుట. సాక్ సెవెన్ అనగా అంకెలుండవలసిన చోట అంకెలు కానిదేదియో తగులుట. అప్పుడు యంత్రము ఊహించి నెట్టుకొనిపోదు, ఎచ్చట ఏది తగిలినదో చూపి ఆగిపోవును.

ఈ పద్ధతి సర్వథా నిర్దోషమని నేననను. 0 అనగా పని సరిగ జరిగినదని కాదు. తప్పు జరిగినట్లు ఆ ప్రోగ్రామునకు తెలియలేదని మాత్రమే. ఖాళీ ఫైలును అందుకొని, ఒక్క రికార్డును చదువక, 0 తో ముగిసిన జాబ్‌ను చూడని మెయిన్‌ఫ్రేము ఉద్యోగి అరుదు. 4 సంగతి మరింత క్లిష్టము. రోజును 4 తోనే ముగియుచుండు జాబ్‌ను గూర్చి కొత్తగా చేరిన కుర్రవాడు అడిగినచో, "అది ఎప్పుడూ అంతే" నని సీనియర్లు తోసిపుచ్చుదురు. నిజముగ పట్టించుకొనవలసిన హెచ్చరిక వచ్చిననాడు అదియు ఆ అలవాటైన నాలుగులోనే కలిసిపోవును. జాబ్ నడుపు ఆదేశములు వ్రాయు జేసీఎల్ భాషలో 'కాండ్' అని ఒక నిబంధన కలదు. అది స్టెప్పును నడుపుటకు కాక నడుపకుండుటకు వ్రాయు షరతు, అనగా పైనుండి చదివినచో అంతయు తలక్రిందుగ నుండును. ఆ భాష తన పర్యవేక్షణలోనే రూపొందినను, సిస్టమ్/360 నిర్మాణమునకు నాయకుడైన ఫ్రెడరిక్ బ్రూక్స్ మహాశయుడే తరువాతి కాలమున దానిని తీవ్రముగ నిరసించెను. పైగా ఏ నిబంధనయు వ్రాయనిచో, అబెండ్ కానంతవరకు, వెనుకటి స్టెప్పు ఏ అంకెతో ముగిసినను తరువాతిది నడచిపోవుచునే యుండును. కావున ఎంత తీవ్రతకు పని ఆగవలయునో, ఎంతవరకు ఓర్చుకొనవచ్చునో, ఒక మనుష్యుడు ముందుగ ఆలోచించి వ్రాసి యుంచవలసినదే. తీవ్రత ఎంతయో యంత్రము చెప్పును. అంత తీవ్రతకు ఏమి జరుగవలయునో మనుష్యుడు నిశ్చయించి, దానికి జవాబుదారిగ నుండును. నా వాదమంతయు ఈ పని పంపకము మీదనే ఆధారపడియున్నది.

ఇక ఛత్రినాక దుకాణమునకు వత్తము. డీలరు ఈ-పాస్ యంత్రములో కార్డు సంఖ్య కొట్టును; కుటుంబ సభ్యుల పేర్లు తెరమీద వచ్చును; వచ్చిన స్త్రీ పేరు ఎంచి, వేలు పెట్టుమనును. ఆమె బొటనవ్రేలు పెట్టును. యంత్రము ఒక కూత కూసి ఊరకుండును. "వేలు పడ్తలేదమ్మా, ఇంకోటి పెట్టు." కొంగుతో తుడుచుకొని చూపుడువ్రేలు పెట్టును. "జర గట్టిగ ఒత్తు." మధ్యవ్రేలు. వెనుక వరుసలో సంచులు పట్టుకొన్నవారు ఉస్సురుమందురు. "సర్వర్ డౌన్ ఉన్నట్టుంది, సాయంత్రం రా పో." ఆ చిన్న తెరమీద ఈలోగా ఇంగ్లీషులో ఒక పంక్తియు ఒక సంఖ్యయు వచ్చి పోయినవి, డీలరు దానిని చదువలేదు, చదివినను ఆమెకు చెప్పలేదు, చెప్పినను ఆమె చేయగలిగినది ఏమో అతనికి ఎవరును నేర్పలేదు.

ఆ సంఖ్య నిరర్థకమైనది కాదు. ఆధార్ ప్రాధికార సంస్థ తన యంత్రముల జవాబులకు సంకేతములు ఏర్పరచియే యున్నది. 300 వచ్చినచో పెట్టిన వేలిముద్ర దాచియున్న ముద్రతో సరిపోలలేదని. 811 వచ్చినచో ఆ ఆధార్ సంఖ్యకు అసలు ముద్రయే దాచియుండలేదని. ఈ రెండును గాక, మధ్య తీగలో సందేశమే చేరకపోయినచో అది వేరు సంగతి. మొదటిది చర్మమునకు సంబంధించినది. దానికి మందు కంటిపాపను చూపుటయో, ఫోనుకు వచ్చు ఓటీపీ చెప్పుటయో. రెండవది రికార్డులోని లోపము. ఆమె వ్రేళ్ళన్నియు అరుగునట్లు ఒత్తినను ఫలితము లేదు, ఆధార్ కేంద్రమునకు పోవలయును. మూడవది ఎవరి దోషమును కాదు, కొంతసేపు ఆగిన చాలును. ఇన్ని వేరు వేరు స్థితులు ఆమె చెవికి చేరునప్పటికి "వేలు పడ్తలేదు" అను ఒక్క మాటగా కుదించుకుపోవుచున్నవి. పాతబస్తీలో ఈ కుదింపు ఎక్కువ కష్టము కలిగించుటకు కారణము అచటి వృత్తులే. లాడ్‌బజారు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది, అందరమును హర్షించితిమి. ఆ గాజు చేయువారు బొగ్గుల వేడిమిమీద లక్కను మెత్తపరచి, వేడి ఆరకమునుపే వ్రేళ్ళతో సాగదీసి, చుట్టి, ఒక్కొక్క రాయిని వ్రేలికొనలతో అదిమి పొదుగుదురు. ఏండ్ల తరబడి ఆ పని చేసిన చేతుల గీతలు అరిగిపోక ఏమగును? నగరమునకు గుర్తింపు తెచ్చిన వ్రేళ్ళనే నగరపు యంత్రము గుర్తింపలేకపోవుట నన్ను మిక్కిలి బాధించుచున్న విషయము.

వేలిముద్ర సంగతి కొంత నయము. మనిషి యంత్రము ఎదుట నున్నాడు, అడుగవచ్చును, తిరిగి రావచ్చును. మనిషికి తెలియకుండ, ఎక్కడనో ఒక గదిలో, అతని కార్డే రద్దగుట మరింత ఘోరము. తెలంగాణ ప్రభుత్వము 'సమగ్ర వేదిక' అను పేర వివిధ శాఖల రికార్డులను ఒకచోట కూర్చి, పేర్లను చిరునామాలను పోల్చి, ఎవనికి వాహనమున్నది, ఎవనికి ఆస్తియున్నది అని నిర్ణయించు ఏర్పాటు చేసికొన్నది. 2014 నుండి 2019 వరకు రాష్ట్రమున 18 లక్షలకు పైగా ఆహారభద్రత కార్డులు రద్దయ్యెను. ముందుగ నోటీసు అందినవారు లేరు. ఈ నగరముననే రిక్షా కార్మికుడొకడు, పేరు సామ్యమువలన కారు యజమానిగ లెక్కింపబడి, అతని కుటుంబము రేషన్ కోల్పోయిన వైనము 2024లో పాత్రికేయుల పరిశోధనలో బయల్పడెను.

పేర్లు పోల్చుట ఎంత ప్రమాదకరమో పాతబస్తీలో ఒక వీధి తిరిగినవారికి తెలియును. సయ్యద్ అలీ అనువారు, మహమ్మద్ అను పేరుతో మొదలగువారు ఒక్క మొహల్లాలోనే ఎందరో. అదే పేరును ఒక గుమాస్తా ఎండీ అని, మరొకడు మొహమ్మద్ అని, వేరొకడు మహ్మద్ అని ఎక్కించును. ఉర్దూలో వ్రాసిన పేరు ఇంగ్లీషులోనికి, అందుండి తెలుగులోనికి వచ్చునప్పటికి అక్షరములు మారిపోవును. గౌలిపురాలోని లక్ష్మమ్మలకును ఇదే గతి. ఇంటిపేరు ఒక కాగితమున ముందుండును, ఒక కాగితమున వెనుకనుండును, ఒక దానియందు అసలు ఉండదు. ఇట్టి పేర్లను పోల్చు ఏ ప్రోగ్రామైనను "ఇతడే అతడు" అని నిశ్చయముగ చెప్పజాలదు. "ఇంతవరకు పోలిక యున్నది" అని మాత్రమే చెప్పగలదు. అది సందేహము. మెయిన్‌ఫ్రేము భాషలో చెప్పవలయునన్నచో 4, మహా అయిన 8. ఆ సందేహమును 16 గా గ్రహించి, కార్డును తుడిచివేయుట యంత్రము చేసిన తప్పు కాదు. 4 కు ఏమి జరుగవలయునో నిర్ణయింపవలసిన మనుష్యులు నిర్ణయింపకపోవుటవలన జరిగిన అన్యాయము. 'డీ' సందేశము పుట్టి, ఒక అధికారి పేరున నిలిచి, ఆయన ఆ ఇంటికి పోయి చూచి సమాధానము వ్రాయువరకు కార్డు కదలక యుండవలసిన చోట, ప్రశ్నయే పుట్టలేదు.

2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఈ రద్దైన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలింపుమని ఆదేశించెను. ఆ యేడు జూలై నాటికి 2 లక్షల 5 వేలకు పైగా దరఖాస్తులు పరిశీలింపగా, 15 వేలకు పైగా కుటుంబములు అర్హములేయని తేలెను. నూటికి ఏడెనిమిది యనుకొనుడు. ఏ బ్యాంకులోనైన రాత్రి నడచిన జాబ్ నూరు ఖాతాలలో ఏడింటిని అకారణముగ మూసివేసినచో, తెల్లవారునప్పటికి ఆ జాబ్‌ను ఆపివేసి, వెనుకటి స్థితికి తెచ్చి, ఎవరు ఎక్కడ పొరబడిరో విచారణ మొదలుపెట్టెదరు. ఇచట ఆ కుటుంబములు ఏండ్ల తరబడి కోర్టు తలుపు తెరచుకొనుటకై నిరీక్షింపవలసివచ్చెను.

దొంగకార్డులను ఏరివేయకుండుట ఎట్లని అధికారులు అడుగుదురు. ఏరివేయవలసినదే, ఒకరి బియ్యమును మరొకరు బజారులో అమ్ముకొనుచుండగా చూచుచు కూర్చుండుమని నేను చెప్పుట లేదు. తీవ్రతను మెట్లుమెట్లుగ చెప్పు పద్ధతి దయాధర్మముకొరకు పుట్టినది కాదు. నిజముగ ఆగవలసిన పని ఆగుటకును, ఆగనక్కరలేనిది నడచుటకును పుట్టినది. ఇంటింటికి పోయి చూచుటకు సిబ్బంది చాలదనుట నిజమే కావచ్చును. అందుకే మెట్లు కావలయును: సందేహము బలీయమైన కొద్ది ఇండ్లను ముందు చూచి, అల్ప సందేహము గల వేల ఇండ్లను నడువనిచ్చినచో, ఉన్న సిబ్బందియే సరిపోవుటకు అవకాశము కలదు. అన్నిటికి ఒకటే అంకె వేసినపుడే సిబ్బంది చాలరు.

2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు ఆధార్ తీర్పు, ప్రామాణీకరణ విఫలమైనంతమాత్రమున అర్హులకు లబ్ధి నిరాకరింపరాదను సూత్రమును అంగీకరించినది. కోవిడ్ కాలమున ఈ రాష్ట్రముననే వేలిముద్రకు బదులు ఐరిస్, ఓటీపీ పద్ధతులను అనుమతించిరి. అనగా చట్టమునకును అభ్యంతరము లేదు, సాధనములును లేకపోలేదు. 2025 ఏప్రిల్ నుండి ఆహారభద్రత కార్డులోని ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఇచ్చుచున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. ఒక అస్పష్టమైన పోలిక తప్పుడు తీర్పుగా మారినచో ఆ ఇంటి పొయ్యిమీదినుండి ప్రతి నెల పోవునది అంత.

పౌరసరఫరాల శాఖవారిని నేను కోరునది ఆర్థిక భారము గలది కాదు. ఈ-పాస్ యంత్రము బియ్యము ఇచ్చినపుడు రసీదు ముద్రించుచున్నది. ఇయ్యనపుడు కూడ ముద్రింపవలయును. ఆ చీటిమీద తెలుగులోను ఉర్దూలోను మూడు సంగతులు ఉండవలయును: ఏ కారణమున కాలేదు, అది ఎంత తీవ్రమైనది, తరువాతి అడుగు వేయవలసినది కార్డుదారుడా, డీలరా, శాఖయా. కార్డు రద్దు విషయమున, పోలిక ఎంత బలముగ కనబడినను, ఒక బాధ్యుడైన అధికారి పేరున ప్రశ్న నిలిచి, ఆయన సంతకముతో సమాధానము వచ్చువరకు బియ్యము ఆగరాదు. కొత్త కార్డులు ఇచ్చునపుడే, ఆ పేర్లను మరల యంత్రమునకు అప్పగింపకమునుపే, ఈ నియమము వ్రాతపూర్వకముగ వెలువడవలయును. ఛత్రినాక వరుసలో నిలుచున్న పాఠకులు, తమ వేలు పడనినాడు, తెరమీది సంఖ్య ఏమని డీలరును అడిగి వ్రాయించుకొనుడు. అది మీకు రావలసిన సమాధానము.